పసి మనస్సుకు చేతిపని ఊరట

(గంగారం మండలమునందలి గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి ట్యాంకులు, వీధి దీపములు - వీనిని గూర్చి మీరు ప్రతి సమావేశమునందును చర్చించుచునే యున్నారు. ఈనాడు నేను మనవి చేయదలచిన విషయము పద్దుల పుస్తకములో కానరాదు. మన ఊరి బిడ్డ మనస్సునకు దెబ్బ తగిలినప్పుడు దానిని గుర్తించుట ఎట్లు? ఆ దెబ్బ మానుటకు బిడ్డ చేతికి ఏ పని నీయవలెను? అందులకు పంచాయతీ సమకూర్పవలసిన దేమి? ఈ మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పుదును.

కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్న పిల్లవాడు ఏడ్చుచు తల్లికడకు పరుగెత్తును. ఎక్కడ గ్రుచ్చుకొన్నదో వ్రేలితో చూపును. తల్లి పిన్నీసుతో ముల్లు తీయును. అంతటితో బాధ తీరును. మనస్సులో ముల్లు విరిగిన పిల్లవాడు అట్లు చూపలేడు. తనకేమి జరిగినదో తనకే పూర్తిగా తెలియదు. తెలిసినను చెప్పుటకు మాట దొరకదు. అందుచేత ఆ బాధ వేరొక రూపమున బయటపడును.

ఏడేండ్ల బాలుని ఒకనిని ఊహించుకొందము. అతని తండ్రి మరణించినాడు. అంత్యక్రియలనాడు బాలుడు ఏడువలేదు. "పసివాడు, వానికేమి తెలియును?" అని బంధువులు అనుకొన్నారు. నెల తిరుగకముందే అతడు రాత్రులందు పక్క తడుపుట మొదలుపెట్టినాడు. బడిలో తోటి పిల్లలను కొట్టుచున్నాడు. పిలిచిన పలుకడు. పంతులుగారు మొండివాడనినారు, మేనమామ రెండు దెబ్బలు వేసినాడు, నాయనమ్మ గాలి సోకినదని తాయెత్తు కట్టించినది. అందరును బిడ్డ మేలు కోరినవారే. కాని ఆ బిడ్డ తండ్రి కొరకు దుఃఖించుచున్నాడని ఒక్కరును గుర్తింపలేదు. ఇటువంటి బిడ్డలు ప్రతి గ్రామమునందును ఉన్నారు. మీ వాడలను ఒకమారు తలచుకొనుడు. ఒకరిద్దరి ముఖములు మీకే జ్ఞప్తికి వచ్చును.

వరద తగ్గినను తగ్గని భయము

ఈ విషయము మనకు దూరపు మాట కాదు. 2023 జూలై 27వ తేదీన మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి గ్రామమును ముంచివేసినది. జనులు ఇండ్ల కప్పులపైకెక్కి ప్రాణములు దక్కించుకొన్నారు. పడవలును, హెలికాప్టరులును వచ్చి వారిని కాపాడినవి. మరుసటి ఏడు, 2024 సెప్టెంబరు 1వ తేదీన, మన మహబూబాబాద్ జిల్లాలోనే ఆకేరు వాగు మరిపెడ మండలమునందలి సీతారాం తండాను ముంచెత్తినది. కేసముద్రము వద్ద రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది.

కట్టను మరల పోసినారు, రైళ్లు నడచినవి. ఇటువంటి ఆపదలలో కూలిన ఇంటికి, పోయిన పశువుకు, మునిగిన పైరుకు లెక్క వ్రాయుదురు. కాని ఇంటి కప్పుపై తల్లి నడుము పట్టుకొని రాత్రియంతయు గడపిన బిడ్డకు మరల మబ్బు పట్టినప్పుడు కలుగు భయమును వ్రాయుటకు ఆ ఫారములలో గడి ఉండదు. ఆ గడిని నింపవలసినవారు గ్రామస్థులే. అధికారులు నాలుగు దినములు ఉండి పోవుదురు. బిడ్డను నిత్యము చూచువారు మీరు.

వరద వంటి పెద్ద ఆపదయే రానక్కరలేదు. తండ్రి త్రాగి వచ్చి తల్లిని కొట్టుట, తల్లిదండ్రులు కూలికై దూర ప్రాంతమునకు వలస పోవుట, ఇంటిలో ఆత్మహత్య జరుగుట, తోబుట్టువు జబ్బుతో మరణించుట - ఇవన్నియు పసి మనస్సుపై గాయము చేయునవే. బెంగళూరునందలి జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ (నిమ్హాన్స్) 2015-16 సంవత్సరములలో 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపినది. 13 మొదలు 17 ఏండ్ల వయస్సు వారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నారని అందు తేలినది. ఇది పట్టణముల జబ్బు మాత్రమేయని తలచుట పొరపాటు.

మాట చాలనిచోట చేయి

పెద్దవారికి దుఃఖము వచ్చిన నలుగురితో చెప్పుకొందురు. "చెప్పుకొన్న బరువు తగ్గును" అని మనము అనుచుందుము. పసివారికి ఆ మార్గము సగమే తెరచియుండును. నాలుగేండ్ల బిడ్డకు ఆకలి, నొప్పి, అమ్మ కావలె నను మాటలు వచ్చును గాని, అపరాధ భావము, నిరాశ, అవమానము అను వానికి మాటలు రావు. "నేను అల్లరి చేసినందుననే నాయన చనిపోయినాడేమో" అని లోలోపల కుమిలిపోవు బిడ్డలు కలరు. ఆ మాటను వారు నోట చెప్పరు.

మన ఏజెన్సీ ప్రాంతమునందు దీనికి మరియొక చిక్కు తోడగుచున్నది. ఇంటిలో కోయభాష మాటాడు బిడ్డ, తండాలో లంబాడీ మాటాడు బిడ్డ, ఆశ్రమ పాఠశాలలో చేరినప్పుడు తన దుఃఖమును తెలుగులో చెప్పవలసి వచ్చును. దుఃఖమునకే మాట దొరకని పసివాడు దానిని మరియొక భాషలోనికి మార్చి చెప్పగలడా? మొదటి మాసములలో వసతి గృహమునుండి పారిపోవు పిల్లలను గూర్చి మీరు వినియుందురు. వారికి చదువుపై ద్వేషము లేదు, ఇంటిపై బెంగ. ఆ బెంగను చెప్పుకొను దారి దొరకక కాళ్లకు పని చెప్పినారు.

ఇక్కడనే చేతిపని అక్కరకు వచ్చును. మట్టి పిసుకుట, ఇసుకలో ఊరు కట్టుట, బొమ్మ గీయుట, తోలుబొమ్మ నాడించుట - వీనికి భాష అక్కరలేదు. ఇందువలన కలుగు మేలు నాలుగు విధములు. మొదటిది, భయముతో బిగుసుకొన్న శరీరము చేయి ఒకే విధముగ కదలుచుండగా క్రమముగ సడలును, ఊపిరి నెమ్మదించును. రెండవది, లోపలి బాధ ఎదుట ఒక వస్తువుగా నిలుచును. దానిని త్రిప్పి చూడవచ్చును, మార్చవచ్చును, చెరిపి మరల చేయవచ్చును. మూడవది, తన జీవితములో దేనినీ ఆపలేకపోయిన బిడ్డకు ఈ మట్టిముద్ద తన మాట వినును. తానును ఏదో చేయగలనను ధైర్యము కలుగును. నాలుగవది, "నేను భయపడితిని" అని చెప్పలేని బిడ్డ "ఈ కుందేలు భయపడినది" అని చెప్పగలదు. బొమ్మ చాటున నిలిచి బిడ్డ మాటాడును.

ఈ పద్ధతి పుట్టుక

మనోవైద్యులు ఈ సంగతిని వందేండ్లుగా పరిశీలించుచున్నారు. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అను వైద్యురాలు మొదటి ప్రపంచ యుద్ధానంతరము పోలెండు దేశమున సహాయ కార్యక్రమములలో పనిచేసి, యుద్ధము మనుష్యులనేమి చేయునో కన్నులార చూచినది. ఆమె 1928లో లండను నగరమున మనోవ్యాకులత గల పిల్లల కొరకు ఒక చికిత్సాలయమును తెరచినది. అక్కడ ఒక పెట్టెలో చిన్నచిన్న బొమ్మలును, ఒక పళ్లెములో ఇసుకయు ఉంచినారు. పిల్లలు ఎవరును చెప్పకయే బొమ్మలను ఇసుకపై నిలిపి ఊళ్లు, అడవులు, పోరాటములు కల్పించినారు. తాము కట్టిన దానికి "లోకము" అని వారే పేరు పెట్టినారు. ఈనాడు అనేక దేశములలో వాడుకలోనున్న ఇసుకపళ్లెపు చికిత్సకు ఇదియే మూలము. ఈ పద్ధతిని వైద్యురాలికి నేర్పినవారు పిల్లలేయని చెప్పిన తప్పులేదు.

అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఆటచికిత్సపై వ్రాసిన గ్రంథమునందు కొన్ని సూత్రములు చెప్పినది. బిడ్డను ఉన్నవానిని ఉన్నట్లుగా అంగీకరింపవలెను. దారి బిడ్డయే చూపవలెను, పెద్దవారు వెంట నడువవలెను. తొందరపెట్టకూడదు - ఇవి వానిలో ముఖ్యమైనవి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమునందు నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్ శిబిరములో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అను చిత్రకారిణి 1942 డిసెంబరు మొదలు పిల్లలకు చిత్రలేఖనము నేర్పినది. కాగితము దొరకనిచోట చిత్తు కాగితములపై గీయించినది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపివేసినారు. ఆమె దాచియుంచిన దాదాపు 4,500 బొమ్మలు యుద్ధానంతరము బయటపడి నేడు ప్రాగ్ నగరమునందలి యూదు ప్రదర్శనశాలలో ఉన్నవి. ఆ బొమ్మలు గీసిన పిల్లలలో పెక్కుమంది బ్రతుకలేదు. ఆ చీకటిలో సైతము బిడ్డ చేతికి రంగు నందించుట వృథా కాదని ఆమె నమ్మినది.

మన దేశమునందును ఈ అనుభవము కలదు. 1999 నాటి ఒడిషా పెను తుపాను, 2001 నాటి గుజరాతు భూకంపము, 2004 డిసెంబరు 26 నాటి సునామీ - ఈ ఆపదల అనంతరము నిమ్హాన్స్ నిపుణులు బాధితుల మనస్సులకు ఊరట కల్పించుటకై గ్రామ కార్యకర్తలకు శిక్షణ యిచ్చినారు. పిల్లల విషయమున ఆటలను, బొమ్మలను, కథలను సాధనములుగా గ్రహించినారు. ఇందు మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఇన్ని లక్షల మందికి వైద్యులు చాలరు గనుక, స్థానికులకే మెలకువలు నేర్పి, కష్టమైన కేసులను మాత్రమే వైద్యులకు అప్పగించు మార్గమును వారు ఎన్నుకొన్నారు. గ్రామమునకు తగిన మార్గము అదియే.

మన చేతిలోని సామగ్రి

దీనికి కొనుగోలు పట్టిక వ్రాయవలసిన అవసరము అంతగా లేదు. చెరువులోని బంకమట్టి, వాగులోని ఇసుక, మోదుగాకు, వెదురు, తాటాకు, చింతపిక్కలు, పసుపు, జాజు, సున్నము, బొగ్గు - ఇవియే మన సామగ్రి. బతుకమ్మకు ముందు మన ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మను చేయుట, ఏరువాకనాడు మట్టి ఎడ్లను చేయుట, గునుగు, తంగేడు పూలను వరుసలుగా పేర్చుట మీరెరిగినవే. మన పూర్వపు వరంగల్ జిల్లాలోనిదై ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలయందు నకాషీ కళాకారులు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ముఖములను తయారు చేయుచున్నారు. అట్టి ముఖమునొక దానిని అట్టతో చేసి బిడ్డకిచ్చిన, ఆ ముఖము చాటున ఎంత కోపమునైనను చూపగలదు.

మన తెలుగువారిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మదరాసునందు బాలానంద సంఘమును స్థాపించి, ఆటపాటల ద్వారా పిల్లలను వికసింపజేసినారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని వారిని తెలుగునాట పిలిచినారు. అది చికిత్స కాదు. కాని బిడ్డ మాటకు, బిడ్డ ఆటకు పెద్దవారు చెవియొగ్గు సంప్రదాయము మనకు కొత్త కాదని చెప్పుటకు అది నిదర్శనము.

వయస్సును బట్టి పని మారవలెను. మూడు మొదలు ఆరేండ్ల వారికి మట్టి, నీరు, ఇసుక, ఆకులు చాలును; వారికి వస్తువు తయారగుట ముఖ్యము కాదు, పిసుకుట ముఖ్యము. ఏడు మొదలు పదకొండేండ్ల వారు ఇండ్లు, పశువులు, ముఖములు, బొమ్మలాటలు చేయగలరు. పండ్రెండేండ్లు దాటినవారు బొమ్మలాటను చిన్నతనముగా భావింతురు. వారికి బుట్ట అల్లుట, గోడపై చిత్రము వేయుట, మొక్కలు నాటి పెంచుట వంటి నిజమైన పని నీయవలెను. మూడేండ్ల లోపు వారికి గింజలు, పిక్కలు చేతికీయరాదు. నోటనో ముక్కుననో పెట్టుకొన్న ప్రాణాపాయము. వెదురు ఈనెలను నునుపు చేసిన పిమ్మటనే ఇయ్యవలెను.

చేయించు విధము

వారమునకు రెండు దినములు, ఒకే సమయమున, ఒకే స్థలమున ముప్పావు గంట సేపు ఈ పని జరుగవలెను. స్థలము మారకుండుట, సమయము తప్పకుండుట మిక్కిలి అవసరము. ఇల్లు కదలిపోయిన బిడ్డకు కదలని వస్తువు ఒకటైనను కావలెను. ఆరేడుగురు పిల్లలకు మించకుండ చూడవలెను. దుఃఖములోనున్న బిడ్డను ఒక్కదానినే వేరు చేసి కూర్చుండబెట్టరాదు. ఊరి దృష్టి దానిపై పడును. నలుగురితో కలిపి కూర్చుండబెట్టిన, ఎవరి కొరకు ఈ ఏర్పాటో ఎవరికిని తెలియదు.

కార్యకర్త బిడ్డల నడుమ నేలపై కూర్చుండవలెను. సామగ్రి ఎదుట పెట్టి "మీకు తోచినది చేయుడు" అనవలెను. ఒక బిడ్డ ఇల్లు కట్టి, నీళ్లు పోసి ముంచి, మరల కట్టి మరల ముంచవచ్చును. "ఎందుకు పాడు చేయుచున్నావు?" అని అడ్డుపడరాదు. వరదను చూచిన బిడ్డ వరదను తన చేతిలోనికి తెచ్చుకొనుచున్నది. "నీళ్లు ఇంటిలోనికి వచ్చినవి" అని మాత్రము అని ఊరకుండవలెను. పదిసార్లు మునిగిన ఇంటికి పదునొకండవసారి బిడ్డ ఒక పడవను తెచ్చి నిలుపవచ్చును. ఆ పడవను మనము ముందుగా నిలుపరాదు. అది బిడ్డయే తేవలెను.

సమయము ముగియుటకు ఐదు నిమిషములు ముందు హెచ్చరింపవలెను. అందరును కలిసి చేతులు కడుగుకొని, స్థలము శుభ్రము చేసి, ఒక పాట పాడి ఇండ్లకు పోవలెను. కలతపడిన మనస్సుతో బిడ్డను ఒక్కసారిగా వీధిలోనికి పంపరాదు.

ఒక్క షరతు కలదు. ఎవరికి హాని చేయరాదు, తనకు హాని చేసికొనరాదు. కోపము వచ్చిన మట్టిని నేలకు కొట్టవచ్చును, తోటివానిని కొట్టరాదు. ఈ హద్దు స్పష్టముగ నున్ననే బిడ్డకు నిర్భయము.

చేయకూడనివి

మంచి పని సైతము తప్పుగా చేసిన కీడు కలుగును. అందుచేత కొన్ని హెచ్చరికలు చేయుచున్నాను.

బొమ్మకు మార్కులు వేయరాదు, బహుమతులు పెట్టరాదు. పోటీ మొదలైన వెంటనే బిడ్డ తన మనస్సులోనిది మాని పెద్దవారికి నచ్చునది గీయును.

బొమ్మను చూచి జాతకము చెప్పరాదు. నల్లరంగు వాడిన దుఃఖమనియు, ఎర్రరంగు వాడిన కోపమనియు కొందరు చెప్పుదురు. బొగ్గు దగ్గరగ నుండుటచేతనే నల్లగ గీసియుండవచ్చును. ఒక్క బొమ్మను బట్టి ఇంటిలో నేరము జరిగినదని నిర్ణయించుట కూడదు.

బిడ్డను గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. "ఆ రాత్రి ఏమి జరిగినది? మరల చెప్పుము" అని పదిమంది అడిగిన, మానుచున్న పుండును పదిసార్లు గెలికినట్లగును. చెప్పదలచిననాడు బిడ్డ తానే చెప్పును. అప్పుడు వినువారు ఒకరుండిన చాలును.

బిడ్డ చేసిన వస్తువును, బిడ్డ ముఖమును ఫోటో తీసి సెల్‌ఫోనులలో పంపరాదు. అది బిడ్డ నమ్మి మన ఎదుట పెట్టిన రహస్యము.

ఇక దెబ్బల విషయము. "మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్దలు అందురు. వంచుటకును విరుచుటకును భేదము కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. దుఃఖముతో అల్లరి చేయు బిడ్డను కొట్టిన అల్లరి ఆగవచ్చును; దుఃఖము లోపలికి పోవును.

వైద్యునికి చూపవలసిన వేళ

అంగన్‌వాడీ టీచరు గాని, ఉపాధ్యాయుడు గాని వైద్యులు కారు. వారు చేయునది ప్రథమ చికిత్స వంటిది. పెక్కుమంది పిల్లలకు కాలము, ఇంటివారి ప్రేమ, ఆట - ఇవి చాలును. కాని నెల దాటినను బిడ్డ నిద్రపోకుండుట, తిండి మానుట, అంతకుముందు వచ్చిన మాటలను మరచుట, ఎవరితోను కలువకుండుట, తనను తాను గాయపరచుకొనుట, "చచ్చిపోవుదును" అనుట - వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు. తుది రెండు లక్షణములు కనబడినచో నెల వరకు ఆగక ఆనాడే చూపవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చెప్పి, జిల్లా ఆస్పత్రికి గాని, వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రికి గాని తీసికొనిపోవలెను. దూరము పోలేనివారికి 14416 అను టెలి-మానస్ నంబరు కలదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ ఉచిత సేవలో తెలుగునందు కూడ సలహా పొందవచ్చును. దేవర మొక్కు మొక్కుకొన్నవారిని ఎగతాళి చేయకుడు. మొక్కు తీర్చుకొననిండు, దానితోపాటు ఆస్పత్రికి కూడ పంపుడు.

లైంగిక అత్యాచారము జరిగినదని బిడ్డ చెప్పినను, జరిగినదని అనుమానము కలిగినను అది గ్రామ పెద్దలు కూర్చుండి రాజీ చేయదగిన తగాదా కాదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము ఆ సంగతి తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను, తెలుపకుండుటయే నేరము. బిడ్డ పేరు బయటపెట్టుటయు నేరమే. 1098 అను బాలల సహాయ నంబరునకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును.

పంచాయతీ చేయవలసిన పనులు

కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య మార్గదర్శకములను అనుసరించి గ్రామస్థాయి బాలల సంక్షేమ, రక్షణ సంఘమునకు పంచాయతీ అధ్యక్షులే నాయకులు. కావున ఇది ఇతరుల పని యని తప్పించుకొనుటకు వీలులేదు. ఆ సంఘము కాగితముపై మాత్రమే యున్న గ్రామములలో దానిని కూర్చుండబెట్టుట మొదటి పని.

రెండవది స్థలము. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న ప్రారంభమైననాటినుండి అంగన్‌వాడీ మన గ్రామ జీవితములో భాగమైనది. ఆ కేంద్రము వరండాయో, బడిలో ఒక గదియో, చెట్టునీడయో చాలును. దానిలో ఒక మూలను మట్టికుండ, ఇసుకతొట్టి, రంగులకు చిప్పలు, చేతులు కడుగుటకు నీరు, సబ్బు ఉండవలెను. ఆ స్థలమును సమావేశములకు, సామానులు నిలువచేయుటకు వాడరాదు.

మూడవది మనిషి. అంగన్‌వాడీ టీచరుకు ఇప్పటికే రిజిస్టరుల భారము హెచ్చు. ఆమెకు తోడుగా ఊరిలో ఓర్పు గల యువతి నొకతెను, బుట్టలల్లు వృద్ధుని నొకనిని, కుమ్మరి నొకనిని కూర్చుండబెట్టుడు. బిడ్డ మాతృభాష తెలిసినవారు ఒకరైనను ఉండవలెను. కోయ బిడ్డ పెదవి విప్పిననాడు ఆ మాట అర్థమగువారు ఎదుట లేకుండుట కంటె అన్యాయము వేరొకటి లేదు. వారికి జిల్లా బాలల పరిరక్షణ విభాగము ద్వారా శిక్షణ నిప్పింపుమని తీర్మానము చేసి పంపుడు.

నాలుగవది ఆశ్రమ పాఠశాల. కొత్త పిల్లలు చేరిన మాసములలో మీ సభ్యుడొకరు పోయి చూచి రావలెను. మీ ఊరి బిడ్డ ఎవరితోనైనను మాటాడుచున్నదా యని విచారింపుడు. ఇంటినుండి తెచ్చిన గవ్వయో, బొమ్మయో, అమ్మ కుట్టిన గుడ్డసంచియో బిడ్డ వద్ద నుండనిండని వార్డెనుగారిని కోరుడు. అది చిన్న వస్తువే యైనను బిడ్డకు ఇల్లు.

ఐదవది విపత్తు ప్రణాళిక. వానకాలమునకు ముందు ఇసుక బస్తాలు, మందులు సిద్ధము చేయునప్పుడే, సహాయ శిబిరములో పిల్లల కొరకు ఒక చాప, ఒక మట్టిముద్ద, కొన్ని కాగితములు, రంగులు, వారితో కూర్చుండు మనిషి ఒకరు అని కూడ వ్రాసికొనుడు.

సభ్యులారా, "పిల్లలాటకు ఇంత చర్చ ఎందుకు, దానివలన చదువు పాడగును గదా" యని కొందరు అనవచ్చును. భయముతో నిండిన మనస్సులో అక్షరము నిలువదు. నిద్రలేని బిడ్డకు ఎక్కము ఎక్కదు. ముప్పావు గంట మట్టి పిసికినందున పోవు చదువు కంటె, దుఃఖము మ్రింగి బడి మానినందున పోవు చదువు అనేక రెట్లు.

దీనికి పెద్ద నిధులు అక్కరలేదని విన్నవించితిని. అక్కరయగునవి రెండు: ఓర్పు గల మనిషి, తప్పని సమయము. రాబోవు గ్రామసభలో ఈ విషయమును ఒక అంశముగ చేర్చుడు. మీ గ్రామములో గడచిన ఏడాదిలో తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లలు ఎందరు, ఇల్లు మునిగిన పిల్లలు ఎందరు, వలసపోయినవారి బిడ్డలు ఎవరి పంచన ఉన్నారు అను పట్టికను తయారు చేయుడు. పేర్లు సభలో చదువవలదు, సంఖ్య చాలును. ఆ పట్టిక చేతబట్టుకొని అంగన్‌వాడీ కేంద్రమునకు పోయి, ఈ వారము ఏ రెండు దినములలో మట్టి కలుపుదమని టీచరును అడుగుడు.